అమ్మ ఏడు కేజీలు ఎలా తగ్గిందంటే

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే అమ్మ గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కనిగిరి దగ్గర పల్లె మాది, నాన్న పోయాక ఒక్కతే ఉంటుంది. "వయసు మీద పడితే అంతేలేవే" అని కొట్టిపారేసింది గానీ, పాత చీటీలో 46 కేజీలున్న మనిషి ఇప్పుడు 39. నేనైతే క్యాన్సరో టీబీనో అని టెన్షన్ పడి ఒంగోలు తీసుకెళ్లాను. అవేం కాదన్నారు. హిమోగ్లోబిన్ మాత్రం 8.6, ఆడవాళ్లకి 12 ఉండాలి. పన్నెండేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోందంటే బి12 విటమిన్ కూడా చూడమన్నారు డాక్టరు, ఆ మాత్ర ఏళ్ల తరబడి వేసుకుంటే అది తగ్గొచ్చట. నిజంగానే తక్కువుంది, ఇంజెక్షన్లు రాశారు.

ఏం తింటుందని అడిగితే "బాగానే తింటాను" అంటుంది. అందుకే వారం సెలవు పెట్టి ఊళ్లోనే ఉండి చూశాను. పొద్దున టీలో రెండు రస్కులు, ఆ టీతోనే ఐరన్ బిళ్ల (టీతో వేసుకుంటే అది సరిగ్గా ఒంటికి పట్టదు, రెంటికీ గంటైనా తేడా ఉండాలి). పదకొండింటికి ఒక్కసారే వండి పచ్చిపులుసుతో నాలుగు ముద్దలు, రాత్రికి అదే అన్నంలో మజ్జిగ పోసుకుని పచ్చడి నాకడం. చిక్కుడుకాయ కూర చేసి పెడితే నమిలి నమిలి పిప్పి కంచం అంచున పెట్టింది. అప్పుడు గానీ నాకు వెలగలేదు, కింది దవడ పళ్లు ఒక్కటీ లేవు! పింఛను ఒకటో తారీఖుకల్లా వస్తుంది, బియ్యానికి కొదవలేదు. నమలలేకపోతోందని మాత్రం ఎవరికీ తెలియలేదు, వారానికి మూడుసార్లు ఫోన్ చేసే నాక్కూడా.

పళ్ల సెట్టు కోసం నాలుగుసార్లు తిరిగాం. చిగురు ఒరుసుకుపోతోందని రెండుసార్లు అరగదీయించాం. అయినా అది స్టీలు డబ్బాలోనే ఉంటోంది, పెళ్లిళ్లకి మాత్రం బయటికొస్తుంది.

సరే, తిండినే మార్చాం. ఊరంతా రాగిజావ తాగించమన్నారు. మంచిదే, కాల్షియం ఉంటుంది, కానీ గ్లాసు జావలో పడే పిండి రెండు చెంచాలు, దాంట్లో ప్రోటీన్ ఎంతని? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాములు, అంటే అమ్మ పాత బరువుకి 38 గ్రాముల దాకా కావాలి. గుడ్డుకి ఆరు గ్రాములు. అందుకని పప్పు మెత్తగా ఎనిపి అందులో మునగాకు, వేరుశెనగ పొడి అన్నంలోకి, రోజూ ఒక గుడ్డు, రాత్రికి పెరుగు. గుడ్డు మంగళ, శనివారాలు ముట్టదు, ఆ రెండు రోజులూ పాలు విరగ్గొట్టి చేసిన పనీరు.

వీటన్నిటికంటే పనిచేసింది పక్కింటి వదినమ్మ. ఆవిడా ఒంటరే. "ఒక్కదానికోసం పొయ్యి ఏం వెలిగిస్తాంలే అనుకుంటాం వదినా, ఇద్దరివీ కలిపి వండుకుందాం" అంది. ఇప్పుడు ఒకరు పప్పు, ఇంకొకరు కూర. ఐదు నెలలకి అమ్మ 42కి వచ్చింది, హిమోగ్లోబిన్ 10.4. నిన్న ఫోన్‌లో ఎలా ఉన్నావని అమ్మని అడుగుతుంటే, వదినమ్మ ఉప్పు ఎక్కువేస్తోందని అరగంట చాడీలు చెప్పింది.