పొద్దు వాలేవేళ గుర్రం మీద, మారిషస్‌లో

మారిషస్ నుంచి వచ్చి మూడు వారాలైంది. ఫోటోలు పెట్టినప్పటి నుంచి అందరూ అడిగేది ఒక్కటే, ఆ సముద్రం పక్కన గుర్రం మీద ఉన్న ఫోటో ఎక్కడ తీసింది, పడిపోతానని భయం వేయలేదా, మేం వెళ్తే ఎవరిని అడగాలి అని. ఫోన్లో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పడం నాకు ఇష్టం లేదు, అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను. కాకపోతే ఇది మారిషస్‌లో మొదలయ్యే సంగతి కాదు, ఆదోని నుంచి చెప్పుకు రావాలి.

మా అమ్మ వాళ్ల నాయన ఆదోనిలో జట్కా తోలేవాడు. రైలు దిగినవాళ్లను స్టేషన్ దగ్గర ఎక్కించుకుని ఊళ్లోకి, పత్తి అమ్మకాల రోజుల్లో మార్కెట్ యార్డుకి, పెళ్లిళ్లప్పుడు సామాన్లకి, రోజంతా తిరుగుడే. బండి లోపల పచ్చగడ్డి పరిచి దాని మీద గోనెపట్టా వేసేవాడు. కూర్చుంటే మెత్తగా, కొంచెం చెమ్మగా ఉండేది, దిగాక గౌనుకి కూడా ఆ గడ్డి వాసనే. గుర్రం పేరు చుక్క, నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది కాబట్టి. సాయంత్రం ఇంటికి రాగానే తాత మంచినీళ్లు కూడా తాగకుండా చుక్క పక్కన కూర్చుని, ఒక్కో గిట్టనూ ఎత్తి తొడ మీద పెట్టుకుని, సన్నటి ఇనుప కొక్కెంతో లాడం సందుల్లో ఇరుక్కున్న రాళ్లు తీసేవాడు. రాయి పడిన చప్పుడు టప్ మని వినపడేది. ఈలోగా అవ్వ ఉలవలు ఉడకబెట్టేది. గుగ్గిళ్లు చుక్కకి, ఉడికిన నీళ్లతో చారు మాకు. ఉలవలను ఇంగ్లీషులో హార్స్ గ్రామ్ అంటారని బడిలో టీచర్ చెప్పినప్పుడు క్లాసంతా ఆశ్చర్యపోయింది కానీ నాకేమీ అనిపించలేదు, మా ఇంట్లో ఉలవలు ముందు గుర్రానివే.

ఎక్కించమని తాతను ఎన్నిసార్లు బతిమాలానో. "బండికి కట్టే గుర్రం పాపా, వీపు మీద బరువు దానికి అలవాటు లేదు, బెదురుతాది" అనేవాడు. పక్కన నిలబడనిచ్చేవాడు, అంతే. "మొగం ముందర నిలబడొద్దు, వెనకాల అసలే పోవద్దు, ఆ రెండు దిక్కులా దానికి కనపడదు. పక్కన నిలబడి పేరు పెట్టి పిలువు, నువ్వు వచ్చినట్టు దానికి తెలియాల" అని ఎప్పుడూ చెప్పే మాటే చెప్పేవాడు. షేర్ ఆటోలు వచ్చాక గిరాకీ తగ్గి, నాకు తొమ్మిదేళ్లప్పుడు చుక్కను అమ్మేశాడు. కొన్నవాళ్లు తోలుకుపోయే రోజు తాత ఇంట్లో లేడు, కావాలనే ఎటో వెళ్లిపోయాడు.

సరే, మారిషస్. పెళ్లై పదేళ్లైందని, పిల్లలిద్దరినీ ఆదోనిలో అమ్మ దగ్గర వదిలి, మే నెల చివర్లో నేనూ మా ఆయనా బయలుదేరాం. కర్నూలు నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి ముంబై, ముంబై నుంచి సుమారు ఆరు గంటలు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. టైము మనకంటే గంటన్నర వెనక. కర్నూలులో ఫ్యాను కింద కూడా ఒళ్లు కాలిపోయే ఎండల్లోంచి వెళ్లి అక్కడ దిగితే సాయంత్రానికి శాలువా కప్పుకోవాల్సి వచ్చింది, భూమధ్యరేఖకు అవతల కాబట్టి మన మండుటెండల వేళకు వాళ్లకు చలికాలం మొదలవుతుంది.

గుర్రపు స్వారీ సంగతి నేను ఇక్కడే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చూసి, సగం డబ్బు ముందే కట్టేశాను. అదే పొరపాటు. చెప్పిన టైముకి చెప్పిన ఒడ్డుకి వెళ్తే నాలుగు గుర్రాలు ఎండలో నిలబెట్టి ఉన్నాయి, నీళ్ల తొట్టి ఎక్కడా కనపడలేదు. నాకు ఇచ్చిన గోధుమరంగు గుర్రం పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. దగ్గరికి వెళ్లి పక్కన నిలబడి మెడ మీద చెయ్యి వేశాను. జీను అంచు కింద, భుజం వెనకాల, రూపాయి బిళ్లంత చోట వెంట్రుకలు లేవు, ఎర్రగా పచ్చిగా ఉంది, దాని మీదే జీను ఆనుతోంది. అక్కడికి నా చెయ్యి పోగానే చెవులు రెండూ వెనక్కి, మెడకి అతుక్కుపోయాయి. జీను కింద ఎన్ని బట్టలు వేసినా పచ్చిపుండు మీద నా అరవై కిలోల బరువు గంటసేపు పడితే ఏమవుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. ఎక్కను అన్నాను. డబ్బు తిరిగి రాదు అన్నారు. మా ఆయన "పోనీలే, వదిలెయ్" అన్నాడు, ఆ మాటకి నేను ఇప్పటికీ ఆయనకి రుణపడి ఉన్నాను, ఎందుకంటే అది చిన్న మొత్తం కాదు.

తిరిగి వస్తుంటే కారులో ఏడుపొచ్చింది. మేము తెలుగులో మాట్లాడుకోవడం వింటున్న డ్రైవరు, అరవై ఏళ్లు ఉంటాయి, ఇంగ్లీషులో "మీరు తెలుగువాళ్లా, మేమూ తెలుగే" అన్నాడు. ముత్తాత తండ్రి వచ్చాడట చెరుకు తోటల్లో పనికి. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చారని మనవాళ్లను అక్కడ కోరంగీలు అనేవారట. ఆయనకి తెలుగు మాట్లాడటం రాదు కానీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, దీపం చుట్టూ తిరుగుతూ రామభజన పాడతారు, ఉగాదికి దేశమంతా సెలవు. "అప్పన్న" అన్న ఒక్క మాట మాత్రం ఆయన నోట అచ్చం మన ఉత్తరాంధ్రవాళ్లు అన్నట్టే పలికింది. జరిగింది విని, "రేపు నేను తీసుకెళ్తాను, వాళ్లు గుర్రాలను బాగా చూసుకుంటారు" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి లె మోర్న్ కొండ కిందికి వెళ్లాం, దీవికి నైరుతి మూల. అక్కడ ముందు గుర్రాలను చూపించలేదు, మమ్మల్ని తూచారు! తొంభై కిలోలు దాటితే ఎక్కనివ్వరు. మా ఆయనది ఎనభై ఆరు, కాబట్టి ఆయనకి పెద్ద గుర్రం. హెల్మెట్ పెట్టుకోకపోతే ఎక్కించం అని కూడా ముందే చెప్పేశారు. కొట్టాల్లో నీడ ఉంది, ఒక్కో గుర్రం ముందర బాల్చీ నిండా నీళ్లున్నాయి, నేల మీద పొడి పొట్టు పరిచారు. నాకు వచ్చింది నల్లటి గుర్రం, పదహారేళ్ల ముసలిది. ఒకప్పటి పందెం గుర్రమట. మారిషస్‌లో పందేలంటే పిచ్చి, రాజధాని పోర్ట్ లూయీలో ఉన్న షాంప్ ద మార్స్ మైదానంలో 1812 నుంచి గుర్రాలు పరిగెడుతూనే ఉన్నాయి. ఎక్కువగా దక్షిణాఫ్రికా నుంచి ఓడల్లోనో విమానాల్లోనో తెప్పిస్తారు, పరుగు తగ్గాక కొన్ని అదృష్టం బాగుంటే ఇలాంటి చోటికి చేరతాయి. మిగతావాటి గురించి నేను అడగలేదు, అడిగే ధైర్యం రాలేదు.

పక్కన నిలబడి పేరు పెట్టి పిలిచాను. చెవి ఒకటి నా వైపు తిప్పింది. తర్వాత మొగం తెచ్చి నా అరచేతిలోకి వెచ్చగా ఊపిరి వదిలింది, పై పెదవి వెంట్రుకలు గరుగ్గా వేళ్ల సందుల్లో గుచ్చుకున్నాయి. ముప్పై ఏళ్ల కింద చుక్క ఇలాగే చేసేది.

దారి చూపిస్తూ మాతో గుర్రం మీద వచ్చినాయన అక్కడివాడే, మాటలు తక్కువ. ఎడమవైపు నుంచి ఎక్కాలి, పాదం ముందు భాగం మాత్రమే రికాబులో, అంటే జీనుకి వేలాడే ఇనుప కడియంలో పెట్టి మడమ కిందికి నొక్కాలి, పడిపోతే కాలు ఇరుక్కోకుండా ఉంటుంది. పగ్గాలు గుంజి పట్టుకోకూడదు, అవతలి కొస దాని నోట్లో ఉన్న సంగతి మర్చిపోవద్దు అన్నాడు. మొదటి పది నిమిషాలు నా తొడలు రెండూ కట్టెల్లా బిగుసుకుపోయాయి, నడుము ఎటు ఊగాలో తెలియదు, గుండె దడ. తర్వాత ఎప్పుడు వదులైందో నాకే తెలియలేదు. గుర్రం వీపు జట్కాలా కుదపదు. ముందుకీ పక్కకీ ఊయలలా తిప్పుతుంది, ఒకసారి నడుము దానికి అలవాటు పడితే మన అడుగులు మనమే వేస్తున్నట్టు ఉంటుంది.

సరుగుడు తోపులోంచి ఒడ్డుకి తీసుకెళ్లాడు. పొడి ఇసుకలో కాలు కూరుకుపోయి గుర్రం కండరాలు, వాటిని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులు దెబ్బతింటాయట, అందుకే అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీదనే నడిపించాడు, అక్కడ డెక్కల చప్పుడు కూడా ఉండదు, ఒత్తిన చప్పుడు తప్ప. కెరటాలు ఒడ్డుదాకా రావు. దూరంగా పగడపు దిబ్బ ఉంది, అక్కడే విరిగిపోయి తెల్లటి గీతలా కనపడతాయి, ఇవతల నీళ్లు మన కర్నూలు కేసీ కాలువలా నిదానంగా ఉంటాయి.

కొండ మలుపు తిరగగానే గాలి ఒక్కసారిగా కొట్టింది. అక్కడ నీళ్ల మీద పలకలెక్కి పెద్ద పెద్ద గాలిపటాలతో జారే ఆట ఆడుతున్నారు, ఒక ఎర్ర గాలిపటం ఉన్నట్టుండి ఒడ్డు వైపు వాలింది. నా గుర్రం నిలబడిపోయింది. తల పైకెత్తింది, చెవులు రెండూ బాణాల్లా ఆ వైపే, నా కాళ్ల కింద దాని పొట్ట బిగుసుకోవడం తెలుస్తోంది. ఆ క్షణంలో నా చేతులు వాటంతట అవే పగ్గాలు గుంజబోయాయి. ఆపుకున్నాను. జట్కా ముందుకి ఎప్పుడైనా లారీ వస్తే తాత చెర్నాకోల తీసేవాడు కాదు, "చూడు, చూడు, ఏమీ లేదు" అంటూ చుక్కని చూడనిచ్చేవాడు. నేనూ మెడ మీద అరచెయ్యి ఆనించి అదే మాట అన్నాను, తెలుగులోనే. ముందున్నాయన వెనక్కి తిరిగి చూసి తన గుర్రాన్ని కూడా ఆపాడు, తొందర పెట్టలేదు. నిమిషం పట్టింది. పొట్ట వదులైంది, ముక్కుతో బుస్సుమని గాలి వదిలి తనే అడుగు వేసింది. ఈ ప్రయాణం మొత్తంలో నాకు ఎక్కువ గుర్తున్నది ఆ నిమిషమే, పొద్దు వాలడం దాని తర్వాతే.

పొద్దు వాలడం బాగుంది, బాగా లేదని కాదు. 5:40 ప్రాంతంలో మునిగింది. గండికోటలో పెన్న లోయ మీద నిలబడి చూసినప్పుడు సూర్యుడు కాస్త కుడివైపుకి జారుతూ దిగుతాడు కదా, అక్కడ ఎడమవైపుకి జారతాడు. దక్షిణార్ధగోళంలో ఉన్నామన్న మాట అప్పుడు కళ్లకు కనపడింది. వెనక్కి తిరిగితే లె మోర్న్ కొండ, 556 మీటర్ల నిలువు రాయి, కాషాయం రంగుకి తిరిగి ఉంది. బానిసత్వం రోజుల్లో తప్పించుకున్నవాళ్లు ఆ కొండ గుహల్లో దాక్కుని బతికారట. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిన సంగతి చెప్పడానికి పోలీసులు కొండెక్కితే, మళ్లీ పట్టుకుపోవడానికే వస్తున్నారనుకుని కొందరు పైనుంచి దూకేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మాతో ఉన్నాయన ఈ కథ చెప్పేటప్పుడు గుర్రం దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని చెప్పాడు. మేము ఫోటోలు తీయడం ఆపేశాం.

పరిగెత్తిస్తారా అని చాలామంది అడిగారు. మొదటిసారి వెళ్లేవాళ్లు అడగొద్దు, దయచేసి. వాళ్లంతట వాళ్లు పరిగెత్తిస్తాం అన్నా వద్దనండి. కూర్చోవడం రాని మనిషి గుర్రం వీపు మీద దబదబా పడుతుంటే ఆ దెబ్బలన్నీ తగిలేది దాని వెన్నుకే. డబ్బు కట్టే ముందు గుర్రాలను చూపించమనండి, నీళ్లున్నాయా, పుండ్లున్నాయా, మనల్ని తూస్తున్నారా చూడండి. మా డబ్బు పోయింది, మీది పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

చీకటి పడుతుండగా కొట్టానికి చేరాం. దిగాక నా మోకాళ్లు వణుకుతున్నాయి, అయినా జీను తీసేదాకా ఉంటానని అడిగి నిలబడ్డాను. జీనూ దాని కింద బట్టా తీయగానే వీపు మీద చెమట అచ్చు కనపడింది, రెండు వైపులా ఒకే కొలతలో తడి, మధ్యలో వెన్నెముక పొడవునా పొడిగా. జీను సరిగ్గా సరిపోయిందనడానికి అదే గుర్తు అన్నాడాయన. గోనెగుడ్డ ముక్క ఇస్తే నేనే తుడిచాను, వెంట్రుకలు మొలిచిన వాటంలోనే, మెడ నుంచి తోక వైపుకి. చేతులకి ఆ వాసన పట్టింది, రాత్రి అన్నం తినేటప్పుడు కూడా సబ్బుతో కడగాలనిపించలేదు.

హోటల్‌కి వచ్చి అమ్మకి ఫోటోలు పంపాను. ఆదోనిలో అప్పటికి రాత్రి తొమ్మిది దాటింది. కొంచెంసేపటికి ఫోన్ చేసింది. సముద్రం ఊసు లేదు, సూర్యాస్తమయం ఊసు లేదు, కొట్టం దగ్గర తీసిన ఫోటో ఒక్కటే పెద్దది చేసి చూసినట్టుంది.

"వెనక కాలు మడిచి నిలబడుకోనుంది చూడు," అంది, "అలుపు తీర్చుకుంటాంది, వాళ్లంటే దానికి భయం లేదు. లాడాలు కూడా కొత్తవే. మెల్లగా తోలినారా?"

"మెల్లగానే మా. నడకే."

"మీ తాత ఉంటే బాగుండు," అని, పిల్లలకు ఫోన్ ఇచ్చింది.