జవాబు కోసం పెట్టిన లూప్

రిఫ్రెష్ బటన్ వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే కొత్త డేటా అలా కనిపించి, అంతలోనే పాతది వచ్చి కూర్చునేది. అదీ నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నప్పుడే. తప్పు సర్వర్‌దేమోనని రెండు రోజులు అటే వెతికాను.

విండోలు, బటన్లు తయారుచేసే క్యూటీ (Qt) లైబ్రరీతో రాసిన డెస్క్‌టాప్ అప్లికేషన్ అది. రిక్వెస్ట్ పంపాక జవాబు వచ్చేదాకా ఆగడానికి ఫంక్షన్‌లోనే ఒక క్యూఈవెంట్‌లూప్ (మౌస్ నొక్కులు, టైమర్ల లాంటి ఈవెంట్లను ఒక్కొక్కటే అందుకుని నడిపే లూప్) పెట్టి, దాన్ని మొదలుపెట్టే ఎగ్జెక్ పిలిచాను. జవాబు రాగానే లూప్‌ని ఆపే క్విట్. విండో బిగుసుకుపోదు, కోడ్ పైనుంచి కిందికి సాఫీగా చదువుకోవచ్చు. నాకు చాలా నచ్చిన పద్ధతి.

డీబగ్గర్‌లో ఆపి కాల్ స్టాక్ (ఇంకా ముగియని ఫంక్షన్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన జాబితా) చూస్తే ఎగ్జెక్ మూడు చోట్ల ఉంది. అడుగున అప్లికేషన్‌ది, దాని మీద మొదటి నొక్కుది, ఆ పైన రెండోది. మొదటి జవాబు ఎప్పుడో వచ్చేసింది, దాని లూప్‌కి క్విట్ కూడా అందింది. కానీ పై లూప్ ముగిస్తే గానీ కిందిది బయటికి రాలేదు. అందుకే రెండో జవాబు ముందు స్క్రీన్ ఎక్కేది, ఆ వెంటనే మొదటిది దాన్ని చెరిపేసేది.

బటన్ డిసేబుల్ చేశాను. మర్నాడు క్రాష్! జవాబు రాకముందే విండో మూస్తే, మూయగానే డిలీట్ అయ్యేలా పెట్టిన ఆ విండోని లోపలి లూపే తుడిచేసింది. ఎగ్జెక్ తర్వాతి లైన్ లేని విండోని తాకింది. ఆగింది నా ఫంక్షన్ ఒక్కటేనని, మౌస్, టైమర్లు మామూలుగానే నడుస్తున్నాయని అప్పుడు అర్థమైంది.

ముందు క్యూపాయింటర్‌తో (విండో డిలీట్ కాగానే తనంతట తానే ఖాళీ అయ్యే పాయింటర్) విండో ఉందో లేదో చూసుకుని గండం గట్టెక్కాను. తర్వాత ఓపిగ్గా ఆ ఫంక్షన్‌ని రెండు ముక్కలు చేశాను: పంపేది ఒకటి, జవాబు అందుకునేది ఒకటి. జవాబు రాగానే రెండో ముక్క నడిచేలా కలిపే కనెక్ట్‌లో విండోని కాంటెక్స్ట్‌గా (ఆ కనెక్షన్ ఎవరితో ముడిపడి ఉండాలో చెప్పేది) ఇస్తే, విండో పోగానే ఆ కనెక్షన్ కూడా పోతుంది. డైలాగ్‌లలో కూడా ఎగ్జెక్ తీసి, ఆగకుండా వెంటనే తిరిగొచ్చే ఓపెన్ పెట్టాను. క్యూటీ లాంటిదే మరో లైబ్రరీ జీటీకే 4లోనైతే ఇలా ఆగి ఎదురుచూసే డైలాగ్ రన్ ఫంక్షన్‌నే తీసేశారు, మంచి పని చేశారు.

బాగా సతాయించింది విండో మూసేటప్పుడు వచ్చే క్లోజ్ ఈవెంట్. 'సేవ్ చేయాలా?' అని అడగాలి, కానీ ఈవెంట్‌కి అవునో కాదో అక్కడికక్కడే చెప్పాలి. చివరికి ఈవెంట్‌ని ముందు ఇగ్నోర్ చేసి డైలాగ్ తెరిచాను. జవాబు వచ్చాక ఒక ఫ్లాగ్ పెట్టి మళ్లీ క్లోజ్ పిలుస్తున్నాను. ఇప్పుడు ఎక్కడ ఆపి చూసినా స్టాక్‌లో ఎగ్జెక్ ఒక్కటే ఉంటోంది.