ఖాళీ మీద పంచాయితీ

మా బావ నడిపే ట్రావెల్స్‌కి నేను తయారుచేస్తున్న బ్రోచర్ ఇంకా అవ్వలేదు. ఈ లెక్కన అవ్వదు కూడా. చిన్నది పడుకుంది, ఈయన క్రికెట్లో ఉన్నారు, నాకు మాత్రం సాయంత్రం బావ అన్న మాట చెవిలో ఇంకా గుయ్‌మంటోంది. "ఏటమ్మా, ఇంత ఖాళీ వదిలేసేవు? డబ్బులు కాగితం మొత్తానికి కడుతున్నాం కదా!"

ఖాళీ అంటే ఎంతనుకున్నారు, ముందు పేజీలో బొర్రా గుహల ఫొటో కింద రెండు వేళ్ల మేర. ఆ కాస్త జాగాలో ఆయనకి కైలాసగిరి కావాలి, కురుసుర సబ్‌మెరైన్ కావాలి, సింహాచలం గోపురం, వంజంగి మబ్బులు, వీటన్నిటి మధ్యలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఇన్నోవాకి ఆనుకుని నిలబడ్డ తనూ కావాలి. ఆ ఫొటో కూడా వాట్సాప్‌లో పంపారు. పది సెంటీమీటర్ల వెడల్పున అచ్చు వేయాలంటే అడ్డంగా దాదాపు 1200 పిక్సెల్స్ ఉండాలి బావా, లేకపోతే మొహం గళ్లుగళ్లుగా వస్తుంది, ఒరిజినల్ పంపండి అంటే, "నా ఫోన్లో బానే కనబడతంది" అని సమాధానం. పైన పెద్దక్షరాలతో "నమ్మకానికి మారుపేరు" అని ఉండాలట. ఊళ్లో నగల కొట్టు నుంచి నర్సరీ స్కూలు దాకా ఎవరు కాదు నమ్మకానికి మారుపేరు?

కాగితం కూడా పెళ్లికార్డంత మందం కావాలన్నారు. 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే కాగితాన్ని ఆయన ముందే మడిచి చూపించాను, మడత పొడవునా రంగు పగిలి తెల్లగా బయటపడింది. కళ్లతో చూశారు కాబట్టి 130కి దిగారు. ఇక డీటీపీ అబ్బాయి సంగతి వేరు. ఏ4ని మూడు రెక్కలకీ సమానంగా 99 మిల్లీమీటర్ల చొప్పున పంచి పెట్టాడు. లోపలికి మడిచే రెక్క కాస్త తక్కువుండాలి, 100, 100, 97 చెయ్యి నాయనా, లేకపోతే అంచు తన్నుకుని ఉబ్బుతుంది అంటే, "అందరికీ ఇలాగే ఇస్తాం మేడమ్" అంటాడు. ఫాంటు మార్చేసరికి వత్తు ఎగిరిపోయి బొర్రా కాస్తా బొరా అయి కూర్చుంది, అది మళ్లీ నేనే చూసుకోవాలి.

నాన్న ప్రెస్‌లో ఖాళీ ఊరికే వచ్చేది కాదు. అక్షరం లేని చోట కూడా సీసం ముక్కలు పేర్చాలి, సిరా అంటకుండా అక్షరం కంటే పొట్టిగా ఉండేవి. అవి లేకపోతే ఫారం, అంటే పేర్చిన అక్షరాల చట్రం, బిగించేటప్పుడు లైన్లన్నీ జారిపోతాయి. కంపోజిటర్ తాత ఎడంచేత్తో అక్షరాలు పేర్చే స్టిక్ పట్టుకుని, అక్షరాల గడులుండే కేసు వైపు చూడకుండానే అక్షరాలు తీసి తిరగేసి పేర్చేసేవాడు. సెలవుల్లో నా పని, కిరసనాయిలుతో కడిగిన అక్షరాల్ని మళ్లీ ఏ గడివి ఆ గడిలో వేయడం. వత్తులతో వేగలేక ముందు ఖాళీ ముక్కలే ఏరేదాన్ని. సర్కస్ కరపత్రాలు వస్తే పండగే. పసుపూ గులాబీ రంగు నాసిరకం కాగితాలు, సూది దూరే సందు లేకుండా సింహాలూ ఏనుగులూ ఉయ్యాలలూ. రిక్షాలో మైకు పెట్టుకుని పూర్ణామార్కెట్ వైపు విసురుకుంటూ పోతుంటే పిల్లలందరం వెనకాల పరుగు. ఇంట్లో కట్టలు కట్టలున్నా సరే, రోడ్డు మీద దొరికిందే గొప్ప. నాన్న మాత్రం ఎవరేం అడిగితే అది వేసిచ్చేవారు. వాదిస్తే పక్క ప్రెస్‌కి పోతారు కదా.

ఇదంతా టైప్ చేస్తుంటే ఒకటి తడుతోంది. ఆ కరపత్రంలో సింహాన్ని మేం ఒకసారే చూసేవాళ్లం, ఇంటికెళ్లాక పెద్దవాళ్లకి చూపించి బతిమాలింది టికెట్ రేటు దగ్గరే. బావ కూడా రేట్ల కోసమే ఎక్కువ గోల పెట్టారు, సీజన్‌ని బట్టి మారతాయని నేనే వద్దన్నాను. "రేటు లేని కాయితం ఎవడు దాచుకుంటాడమ్మా" అన్నారు. నిజమే అనుకోండి. దసరా సెలవులకి కోల్‌కతా నుంచి దిగేవాళ్లు హోటల్ రిసెప్షన్‌లో దొరికిన కాగితాలన్నీ గదికి తెచ్చుకుని మంచం మీద పరిచి పోల్చి చూస్తారు. రేటు లేనిది ముందు పక్కకి పోతుంది. రేట్లు విడిగా ఒకే రంగులో చిన్న స్లిప్పు మీద కొట్టించి లోపల పెడితే సరి, మారినప్పుడు ఆ స్లిప్పే మార్చుకోవచ్చు. బెంగాలీ కూడా దాని మీదే, డీటీపీ అబ్బాయి దగ్గర ఆ ఫాంటు ఉంటే.

ముందు పేజీలో ఖాళీని మాత్రం వదులుకోను. 2017లో అద్దాల కప్పు విస్టాడోమ్ బోగీ వచ్చినప్పటి నుంచి అరకు వెళ్లేవాళ్లకి సొరంగాల కోసం రైలు కావాలి, తిరిగొచ్చేటప్పుడు అనంతగిరి కాఫీ తోటల దగ్గర, బొర్రా దగ్గర ఆగడానికి కారు కావాలి. బావ దగ్గర ఉన్నది సరిగ్గా అదే, కానీ ఆయన పంపిన మేటర్‌లో ఎక్కడో పదో లైన్లో పడి ఉంది. "వెళ్లేది రైల్లో, వచ్చేది మా కారులో." ముందు పేజీలో బొర్రా ఫొటో కింద ఇదొక్కటే, చుట్టూ ఏమీ లేకుండా.

ఫొటో సంగతి అక్కకి అప్పగించాను. వెనక పేజీలో ఫోన్ నంబరు పక్కన స్టాంపు సైజు దాకా ఒప్పుకుంటాను, అదీ ఆ కళ్లద్దాలు తీస్తేనే.