ఎక్స్‌ఎంఎల్ మెసేజ్‌లో ధర ఉంది, యాప్‌లో ఎందుకు రావట్లేదు?

ఆదోని పత్తి, కర్నూలు ఎర్రగడ్డలు, అనంతపురం శనక్కాయల ధరలు చూపించే యాప్ ఒకటి రాస్తున్నామనుకుందాం. సర్వర్ నుంచి ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే సమాచారాన్ని ట్యాగుల మధ్య రాసే పద్ధతిలో, ఇలాంటి మెసేజ్ వస్తుంది (అంకె ఉదాహరణకే; ట్యాగులు తెలుగులో ఉన్నా ఎక్స్‌ఎంఎల్ ఒప్పుకుంటుంది):

<ధరలు><సరుకు యార్డు="ఆదోని"><పేరు>పత్తి</పేరు><క్వింటాలు>7150</క్వింటాలు></సరుకు></ధరలు>

రెజెక్స్‌తో, అంటే అక్షరాల నమూనాతో వెతికి, ధర లాగే పని మాత్రం పెట్టుకోవద్దు. రేపు సర్వర్ వాళ్లు ఇంకో యాట్రిబ్యూట్ (ట్యాగులో యార్డు="ఆదోని" లాంటిది) చేర్చినా, మధ్యలో ఒక కామెంట్ పెట్టినా అది తప్పుతుంది.

మెసేజ్ చిన్నదైతే డోమ్‌లోకి (మెసేజ్ మొత్తాన్ని మెమరీలో చెట్టులా కట్టే పద్ధతి) ఎక్కించి ఎక్స్‌పాత్‌తో (ఆ చెట్టులో కావాల్సిన ట్యాగును అడిగే భాష) అడగడమే హాయి:

//సరుకు[@యార్డు="ఆదోని"]/క్వింటాలు

ఇది ఖాళీగా తిరిగొస్తే ముందు రూట్ (అన్నిటికంటే బయటి) ట్యాగు చూడండి. అక్కడ డిఫాల్ట్ నేమ్‌స్పేస్ (ట్యాగుల పేర్లు ఏ గుంపువో చెప్పే xmlns="...") ఉంటే, ఎక్స్‌పాత్ 1.0 దాన్ని తనంతట తాను పట్టించుకోదు. ప్రిఫిక్స్ (పేరు ముందు పెట్టే గుర్తు) లేని పేరంటే దాని లెక్కలో నేమ్‌స్పేస్ లేని పేరు. ఎర్రర్ కూడా ఇవ్వదు, అందుకే గంటలు పోతాయి. ఆ నేమ్‌స్పేస్‌కు కోడ్‌లో మీరే ఒక ప్రిఫిక్స్ కట్టి ఇలా అడగాలి:

//మ:సరుకు[@యార్డు="ఆదోని"]/మ:క్వింటాలు

యార్డుకు ప్రిఫిక్స్ పెట్టలేదు, గమనించండి. డిఫాల్ట్ నేమ్‌స్పేస్ యాట్రిబ్యూట్లకు వర్తించదు.

బ్రౌజర్‌లోని డోమ్‌పార్సర్‌తో (మెసేజ్‌ను చదివి డోమ్‌గా మార్చేది) ఇంకో జాగ్రత్త. మెసేజ్ చెడిపోయి ఉన్నా అది ఎక్సెప్షన్ విసరదు, పార్సర్‌ఎర్రర్ అనే ఎలిమెంట్ ఉన్న డాక్యుమెంట్ చేతికిస్తుంది. దాన్ని వెతికి చూశాకే ముందుకెళ్లండి.

మెసేజ్ పెద్దదైతే డోమ్ మొత్తం చెట్టును మెమరీలో కడుతుంది, తక్కువ ర్యామ్ ఫోన్లు తట్టుకోలేవు. అప్పుడు శాక్స్, లేదా ఆండ్రాయిడ్‌లో పుల్ పార్సర్ వాడాలి; ఇవి చెట్టు కట్టకుండా మెసేజ్‌ను వరసగా చదువుకుంటూ పోతాయి. శాక్స్‌లో అందరూ పడే గుంత ఒకటుంది: ఒకే ట్యాగులోని టెక్స్ట్‌కు క్యారెక్టర్స్ మెథడ్ ఎన్నిసార్లైనా పిలవబడొచ్చు. "పత్తి" ఒకసారి "ప"గా, ఇంకోసారి "త్తి"గా రావొచ్చు. వేరియబుల్‌కు నేరుగా అసైన్ చేస్తే మిగిలేది "త్తి" ఒక్కటే. ట్యాగు మొదలవగానే బఫర్ ఖాళీ చేసి, వచ్చిన ముక్కనల్లా దానికి చేర్చి, ట్యాగు ముగిశాకే చదవాలి.

ఇక తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనబడితే, బైట్లను ముక్కలుగా చదివి ఎక్కడికక్కడ స్ట్రింగ్‌గా మార్చారేమో చూడండి. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ (అక్షరమైనా, గుణింతపు గుర్తయినా విడిగా ఒకటి) ఒక్కోటి 3 బైట్లు, "ఆదోని"కి 15. 1024 బైట్ల ముక్క ఆ మూడింటి మధ్యలో తెగొచ్చు. బైట్ స్ట్రీమ్‌నే పార్సర్‌కు ఇచ్చేయండి, ఎన్‌కోడింగ్ సంగతి అది చూసుకుంటుంది.

ధరలో కామా ఉంటే ఎక్స్‌పాత్ నంబర్ ఫంక్షన్ "నాన్" (అంకె కాదు) అంటుంది, ముందే తీసేయండి. బయటి నుంచి వచ్చే మెసేజ్ అయితే పార్సర్‌లో డాక్‌టైప్‌ను (మెసేజ్ మొదట్లో ఎంటిటీల్లాంటివి ప్రకటించే భాగం) ఆపేయడం మరవొద్దు. లేకపోతే ఎక్స్‌టర్నల్ ఎంటిటీ (బయటి ఫైలును మెసేజ్‌లోకి లాగే పేరు) ద్వారా మీ యాప్ ఫైళ్లే బయటికి పోయే దారి ఏర్పడుతుంది.