సముద్రం పక్క సీటు ఎవరిది?

ఇవాళ ఏమీ జరగలేదు. అంటే బండి ఆగిపోలేదు, ఎవరూ తప్పిపోలేదు, ఎవరికీ జ్వరం రాలేదు. పదకొండు మంది ఒకే వ్యాన్‌లో తీరం వెంబడి పోతుంటే ఏమీ జరగని రోజు దొరకడమే గొప్ప కాబట్టి రాసి పెట్టుకుంటున్నాను. అత్తయ్య, మామయ్యగారు, మేమిద్దరం, మరిది, తోడికోడలు, ఆడపడుచు, ఇంకా నలుగురు పిల్లలు. డబ్బు సంచి నా దగ్గరుంది, పద్దు రాసేదీ నేనే. అందుకని ఐస్‌క్రీమ్ కావాలనుకున్న ప్రతివాళ్లూ నా మొహమే చూస్తారు, కొననందుకు లోపల తిట్టుకునేదీ నన్నే.

పొద్దున్నే గొడవ సీట్ల దగ్గర మొదలైంది. వెళ్లేటప్పుడు సముద్రం మాకు ఎడమవైపు ఉంటుంది. ఆ కిటికీల పక్క వాళ్లకి నీళ్లు, కుడివైపు వాళ్లకి ఎదురొచ్చే లారీలు. "తిరిగొచ్చేటప్పుడు సముద్రం ఇటు వస్తుంది కదా, అప్పుడు చూద్దువుగానిలే" అని మరిది వాళ్ల పాపకి నచ్చజెప్పబోయాడు. దానికి ఏడేళ్లు. "తిరిగొచ్చేది రాత్రి అన్నావుగా నాన్నా, చీకట్లో ఏం చూడను?" అంది. మరిది దగ్గర జవాబు లేదు. చివరికి ఆగిన ప్రతిచోటా సీట్లు మారాలని తీర్మానం అయింది.

మినహాయింపు ఒక్క మా ఆడపడుచు కొడుక్కే. పదిహేనేళ్ల వాడు, వంపుల రోడ్డు మీద వెనక కూర్చుంటే వాంతి ఖాయం. బండి తిరుగుతోందని లోపలి చెవి చెబుతుంది, ఎదురుగా ఉన్న సీటు కదలడం లేదు కదా అని కళ్లు చెబుతాయి, ఆ రెండూ పొసగక కడుపులో తిప్పుతుంది. ముందు కూర్చుని, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వైపు చూస్తుంటే చాలావరకు తగ్గిపోతుంది. కాబట్టి డ్రైవర్ పక్క సీటు వాడిదే, ఫోన్ చూడకూడదన్న షరతు మీద. ఇదంతా నాటకమని మిగతా పిల్లల అనుమానం. వాడు ఫోన్ లేకుండా అంతసేపు కూర్చున్నాడంటే నాటకం కాదనే నాకనిపిస్తోంది.

సీట్ల గొడవ కంటే ముందు జరిగింది చెప్పాలి. మామయ్యగారిది గడియారం ప్రకారం నడిచే జీవితం. నిన్న ఆరుంపావుకి సముద్రం బాగా వెనక్కి వెళ్లి, తడి ఇసుక గట్టిగా, చదునుగా దొరికింది. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, పొడి ఇసుకలో కాలు కూరుకుపోయి నాలుగడుగులు కూడా వేయలేరు. ఆ తడి ఇసుక మీద మాత్రం హాయిగా చాలా దూరం నడిచారు. అందుకని ఇవాళ కూడా సరిగ్గా అదే టైముకి ఆయన అందరినీ లేపి తీసుకెళ్లారు. తీరా చూస్తే నీళ్లు ఇంకా దగ్గరే ఉన్నాయి. పూర్తిగా తీసింది ఏడు దాటాక. ఆటుపోట్లు రోజూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయని మా పెద్దమ్మాయి ఇసుకలో బొమ్మ గీసి మరీ తాతయ్యకి చెప్పింది. భూమి ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు చంద్రుడు కాస్త ముందుకి పోయి ఉంటాడు, మనం మళ్లీ ఆయనకి ఎదురుగా రావాలంటే ఆ పాటి టైము అదనంగా పడుతుంది. ఆయన శ్రద్ధగా విని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రేపటి టైము దిద్దుకున్నారు. అరగంట నిద్ర పోయిందని మరిది ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉన్నాడు. మొన్ననే అమావాస్య వెళ్లింది కాబట్టి నీళ్లు మామూలుకంటే ఎక్కువ దూరం తీశాయి. పిల్లలు ఆ బురద ఇసుకలో పీతల కన్నాల వెంట పడ్డారు. పైసా ఖర్చు లేదు, పద్దులో ఆ గంటన్నర ఖాళీ.

ఇక బండి. మా ఆయన ఒకే వేగంలో నడుపుతారు, ఎవరెన్ని అన్నా పెంచరు. వేగం రెట్టింపయితే గాలి అడ్డుకునే బలం నాలుగింతలు అవుతుందని, పైగా నెత్తిన పెట్టెలు కట్టుకున్న బండికి అది ఇంకా ఎక్కువని ఆయన వాదన. నిజమే. బయల్దేరే ముందు టైర్లలో గాలి కూడా నిండు బరువుకి తగ్గట్టు, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న లెక్క చూసి కొట్టించారు. ఇన్ని జాగ్రత్తలతో మిగిల్చిన డీజిల్ డబ్బు ఎక్కడికి పోతోందో మాత్రం నా పద్దులో తెలుస్తోంది. ఒకరికి బాత్రూమ్ వస్తుంది. బండి ఆగుతుంది. మాకు రాలేదన్న మిగతా పది మందికి, ఆగగానే వస్తుంది. ఒకరు వెళ్లొచ్చేలోపు ఇంకొకరికి టీ కావాలి, పిల్లలకి వేలాడే చిప్స్ పొట్లాలు కనిపిస్తాయి, మా తోడికోడలు గవ్వల దండలు బేరం చేస్తుంది (కొనదు, బేరమే ఆవిడకి సరదా), అరగంట గడిచిపోతుంది. గదుల అద్దెలు, డీజిల్ ముందే లెక్క వేసుకుంటాం కాబట్టి అవి నన్నెప్పుడూ భయపెట్టలేదు. ఈ ఆగడాలకే నాకు టెన్షన్. అందుకే ఇవాళ తినేవీ తాగేవీ ఒక సంచిలో సర్ది నా కాళ్ల దగ్గరే పెట్టుకున్నాను, ఆగినా దుకాణం లేని చోటే ఆగాలని మా ఆయనకి చెవిలో చెప్పాను.

పిల్లల విషయంలో ఆడపడుచు సలహా బాగా పనిచేసింది. ప్రయాణం మొత్తానికి తలా కొంత చేతికిచ్చేశాం, మిగిలింది వాళ్లదే అన్నాం. ఆ మాటతో నలుగురూ పరమ పిసినారులైపోయారు. నిన్నటిదాకా కనిపించిన ప్రతి బెలూన్‌కీ ఏడ్చిన పాప, ఇవాళ ఒక గాలిపటం అటూ ఇటూ తిప్పి చూసి "ఇంత పెట్టక్కర్లేదు" అని తిరిగిచ్చేసింది. ఇబ్బంది ఒక్కటే, తమ డబ్బు దాచుకుని వాళ్ల తాతయ్య చేత కొనిపిస్తున్నారు. ఆయన ఖర్చు నా పద్దులోకి రాదు కాబట్టి నేను చూడనట్టే ఉన్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంకో తీరంలో ఆగాం. ఒడ్డున ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు ఒక గీతలా పడి ఉంటాయి కదా, కిందటి పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. ఆ గీతకి పైనే చాపలు వేయమన్నారు మామయ్యగారు, పొద్దున నేర్చుకున్న చదువు వెంటనే వాడేశారు. పక్కన ఎవరో గీతకి కిందే వేసుకున్నారు, తినడం సగంలో ఉండగా గిన్నెలు పట్టుకుని పరుగెత్తారు. మేం నవ్వకుండా ఉండాల్సింది. మాకు మాత్రం తక్కువైందా, మధ్యాహ్నానికి నేల వేడెక్కి సముద్రం మీది గాలి జోరందుకుంది, ప్రతి ముద్దలోనూ ఇసుకే. వీపులు గాలికి పెట్టి గుండ్రంగా కూర్చుని తిన్నాం.

ఇవాళ నాకు గుండె జారింది ఒక్కసారే. మా పెద్దమ్మాయి, ఆడపడుచు కొడుకు అలలు లేని చోటు చూసుకుని దిగబోయారు. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో కొంచెం మేర నీళ్లు ముదురు రంగులో నిమ్మళంగా ఉన్నాయి. నాకూ అదే మంచి చోటనిపించింది. ఒడ్డున కాపలా ఉన్న మనిషి విజిల్ ఊదుతూ పరుగున వచ్చాడు. ఒడ్డుకి కొట్టిన నీళ్లన్నీ వెనక్కి పోయే దారి అదేనట, అక్కడ దిగితే లోపలికి లాగేస్తుందట. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, అలసిపోతాం, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ లాగుడులోంచి బయటపడ్డాక ఒడ్డు వైపు రావాలి అని పిల్లల చేత తిరిగి చెప్పించి మరీ వదిలాడు. ఆ తర్వాత అత్తయ్య పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వలేదు. నేనూ ఆవిడ పక్షమే.

సాయంత్రం బస. సముద్రానికి రెండు వీధుల వెనక గది తీసుకుంటే అద్దె బాగా తగ్గుతుంది. రాత్రి గదిలోంచి సముద్రం కనపడితే ఎంత, కనపడకపోతే ఎంత. కాళ్ల ఇసుక బయటే కడుక్కుని రమ్మని అక్కడ బోర్డు ఉంది, కొళాయిలో నీళ్లు మాత్రం లేవు. రెండు గదుల్లో పదకొండు మందిమి, కింద పరుపులు వేసుకుని. నిన్న రాత్రి మామయ్యగారి గురకకి అత్తయ్య వరండాలో కుర్చీలో కూర్చుని తెల్లవార్చారు, ఎవరికీ చెప్పలేదు, నేను నీళ్లకి లేచి చూశాను కాబట్టి తెలిసింది.

పద్దు మూసేసరికి ఇవాళ్టి వాటాలో కొంచెం మిగిలింది. రేపు ఇంకో గది తీసుకోవడానికి దాదాపు సరిపోతుంది, తక్కువైంది పిల్లల దాపుడు డబ్బులోంచి అప్పు అడగాలి. పాప వడ్డీ అడిగినా అడుగుతుంది. మా ఆయనకి ఇంకా చెప్పలేదు, డీజిల్ మిగిల్చింది ఆయనే కాబట్టి అది ఎక్కడ ఖర్చవ్వాలో కూడా తనే చెప్పాలంటారు.