సీఎస్టీ సోషల్ పాసయ్యాను: 1792 ఎన్నిక పెట్టిన భిక్ష

అక్కలూ, చెల్లెళ్లూ, న్యూయార్క్‌లో టీచర్ సర్టిఫికెట్ కోసం రాసే సబ్జెక్టు పరీక్ష సీఎస్టీ రిజల్ట్ వచ్చింది. పాస్ మార్కు 520 దాటింది. ఎంత దాటిందని మాత్రం అడక్కండి, పాస్ అంటే పాసే.

గుంటూరులో బీఈడీ చేసి సోషల్ చెప్పినదాన్ని కాబట్టి జాగ్రఫీ, ఎకనామిక్స్, ప్రపంచ చరిత్ర పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. వాటి గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. నా ప్రాణం తీసింది అమెరికా రాజ్యాంగం వచ్చిన తొలి పదేళ్లు. కొత్త రాజ్యాంగాన్ని, బలమైన కేంద్రాన్ని సమర్థించిన ఫెడరలిస్టులు ఎవరు, వాళ్లంటే గిట్టనివాళ్లు ఎవరు, ఎంత బట్టీ పట్టినా తెల్లారేసరికి తారుమారయ్యేవి.

ఆ ముడి విప్పింది 1792 న్యూయార్క్ గవర్నర్ ఎన్నిక. ఒక పక్క జార్జ్ క్లింటన్. 1777 నుంచీ ఆ కుర్చీలోనే ఉన్నాడు, కొత్త రాజ్యాంగాన్ని వ్యతిరేకించినవాడు. ఇంకో పక్క జాన్ జే. రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వ్యాసాలు రాసినవాడు, అప్పటికి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా. ఆ పదవిలో ఉంటూనే పోటీ చేశాడు చూడండి! గవర్నర్‌కి ఓటు వేయాలంటే వంద పౌండ్ల విలువైన సొంత భూమి ఉండాలి. లెక్కపెట్టిన ఓట్లలో క్లింటన్‌కి 8,440, జేకి 8,332. తేడా 108.

అసలు కథ లెక్కపెట్టని ఓట్లలో ఉంది. కౌంటీలో (మన జిల్లా లాంటిది) పోలైన ఓట్ల పెట్టెల్ని అక్కడి శాంతిభద్రతల అధికారి షెరీఫ్ రాష్ట్ర సెక్రటరీకి చేర్చాలి. ఒట్సీగో కౌంటీ షెరీఫ్ పదవీకాలం ఎన్నికకు ముందే ముగిసింది. కొత్తాయన్ని నియమించారు గానీ ఆయనింకా ప్రమాణం చేయలేదు. దాంతో పాతాయనే పెట్టెలు పంపాడు. పదవి అయిపోయినవాడు పంపితే ఆ ఓట్లు చెల్లుతాయా అన్నదే తగువు. అక్కడ జేకి మంచి ఆధిక్యం ఉంది, అవి లెక్కలోకి వస్తే ఫలితమే మారిపోయేది. అమెరికా సెనేట్‌లో న్యూయార్క్ తరఫున ఉన్న సెనేటర్లు ఇద్దరినీ సలహా అడిగితే రూఫస్ కింగ్ లెక్కపెట్టమన్నాడు, ఆరన్ బర్ వద్దన్నాడు. ఓట్లు లెక్కపెట్టే శాసనసభ్యుల కమిటీలో మెజారిటీ క్లింటన్ వాళ్లదే. ఒట్సీగోతో పాటు టియోగా, క్లింటన్ కౌంటీల ఓట్లనూ పక్కన పెట్టి, ఆ బ్యాలెట్లను తగలబెట్టేశారు.

ఈ ఒక్క కేసుతో ఓటుకు ఆస్తి అర్హత, పార్టీల పుట్టుక, నిబంధన ముఖ్యమా ఓటరు ఉద్దేశం ముఖ్యమా అన్న తగువు, అన్నీ ఒకే తాడుకి గుచ్చినట్టు కుదిరాయి. బానిసల విముక్తి సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశాడని జేకి వ్యతిరేకంగా ప్రచారం చేశారని చదివాక, 1799లో గవర్నర్‌గా ఆయనే క్రమక్రమంగా బానిసత్వం తీసేసే చట్టం మీద సంతకం చేయడం ఇక బట్టీ పట్టాల్సిన పని లేకపోయింది.

“దాన్నుంచి ఒక్క బిట్టయినా వస్తుందా? టైమ్ వేస్ట్” అని మన గ్రూపులోనే కొందరు నవ్వారు. రాలేదు, నిజమే. కానీ పెద్ద జవాబు రాసేటప్పుడు నా చేయి ఆగలేదు. ఒక ఆధారం తీసుకుని దాన్నుంచి వాదన ఎలా కట్టాలో నాకు నేర్పింది ఒట్సీగో పెట్టెలే, కోచింగ్ పీడీఎఫ్‌లు కావు. యాభై పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసి ఒక్కటీ తెరవనివాళ్లు నన్ను అడుగుతారా టైమ్ వేస్ట్ అని!

జే ఓడిపోయాక అభిమానులు వీధుల్లోకొచ్చి గొడవకు సిద్ధపడితే ఆయన సర్దిచెప్పాడు. రాష్ట్రాన్ని ఏలడం కన్నా నన్ను నేను ఏలుకోవడమే నాకు ముఖ్యమని భార్యకు ఉత్తరం రాశాడు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్ పక్కన పడేసి రెండు గంటలు కూర్చోవడానికి కావలసింది సరిగ్గా అదే. రోజూ కూర్చోవాలి, చుట్టాలొచ్చినా సరే. మూడేళ్లకు, 1795లో, సంధి పని మీద ఇంగ్లండ్ వెళ్లి ఇంకా తిరిగి రాకముందే జే గవర్నర్‌గా గెలిచాడు.

నాకింకా ఈఏఎస్ (అన్ని రకాల పిల్లలకూ చదువు చెప్పడం మీద టీచర్లకు పెట్టే ఇంకో పరీక్ష) మిగిలుంది. రాసినవాళ్లు ఎవరైనా ఉంటే నోట్స్ పంపండి, పీడీఎఫ్ అయినా ఫర్వాలేదు.