నేను ఇంట్లో లేనప్పుడు ఈనగలిగే ఆవు

మూడేళ్ళ క్రితం ఒక మంగళవారం పొద్దున్న ఆఫీసుకి బయల్దేరే ముందు, ఇక్కడ అమెరికాలో, టెక్సాస్‌లోని మా పొలం ఫెన్స్ దగ్గర నిలబడి చూసా, తొలిచూలు పెయ్య ఒకటి మందకి దూరంగా చెట్ల కింద ఒక్కతే తిరుగుతోంది, తోక కొంచెం ఎత్తి పెట్టుకుంది. పొదుగు దించింది, తోక మొదట్లో గుంటలు పడ్డాయి అని రెండ్రోజుల ముందే నాన్నకి వీడియోలో చూపించా, ఇవాళో రేపో అన్నాడు. తొమ్మిదిన్నరకి మీటింగ్, ఆస్టిన్‌కి గంటన్నర డ్రైవ్. సరేలే అదే ఈనుతుంది అనుకుని వెళ్ళిపోయా.

సాయంత్రం ఆరున్నరకి వచ్చేసరికి దూడ ముందు కాళ్ళు రెండూ బయటికి ఉన్నాయి, గిట్టలు ఎండిపోయి ఉన్నాయి, నాలుక వాచి నల్లబడింది. పశువుల డాక్టర్ వచ్చి చైన్లు వేసి లాగితే దూడ వచ్చింది కానీ ప్రాణం ఎప్పుడో పోయింది. తూస్తే 98 పౌండ్లు, అంటే మన లెక్కలో 44 కేజీల పైన. తల్లి చూస్తే తొమ్మిది వందల పౌండ్లు కూడా ఉండదు. నాకు అమ్మినవాళ్ళు చూడిది అని చెప్పారు కానీ ఏ ఆబోతుకి దాటించారో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రాత్రి ఆ పెయ్య చచ్చిన దూడని నాకుతూనే ఉంది, తెల్లారేదాకా అరిచింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మా ఊరు ఒంగోలు పక్కన. తాతయ్య దగ్గర ఎప్పుడూ రెండు జతల ఎద్దులు ఉండేవి. ఇక్కడ సెంట్రల్ టెక్సాస్‌లో 24 ఎకరాలు కొన్నప్పుడు చాలామంది లాగే నేనూ మొదట ట్యాక్స్ గురించే ఆలోచించా, ఇక్కడ భూమిని వ్యవసాయానికి వాడుతున్నట్టు చూపిస్తే పన్ను బాగా తగ్గుతుంది, కాకపోతే వెనక ఏడేళ్ళలో ఐదేళ్ళు నిజంగా వాడి ఉండాలి, ఎన్ని ఎకరాలకి ఎన్ని పశువులు అనేది ఏ కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఆ కౌంటీ లెక్క వేరే. సరే ఆవులు పెడదాం అనుకున్నా. దూడలు పుడతాయి, ఏడెనిమిది నెలలకి తల్లి దగ్గర నుంచి విడదీసి సేల్ బార్న్‌లో, అంటే పశువుల్ని వేలం వేసే చోట అమ్ముతాం, అవి చివరికి మాంసానికే వెళ్తాయి. అమ్మ ఈ మాట విన్నాక నాతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు. నేను అమ్మ దగ్గర దాచలేదు, ఇక్కడా దాచను. బతికినన్నాళ్ళు వాటికి నొప్పి, ఆకలి, భయం లేకుండా చూసుకోవడం నా బాధ్యత అని మాత్రం గట్టిగా అనుకుంటా, ఆ మంగళవారం నేను ఆ బాధ్యత తప్పా.

అందుకే తర్వాతి ఆర్నెల్లు ఆవులు కొనలేదు, చదివా, పక్క రాంచ్ పెద్దాయన్ని అడిగా. నలభై ఏళ్ళు ఆవుల్లోనే గడిపిన మనిషి. ఆయన అన్న మొదటి మాట, నువ్వు వారంలో ఐదు రోజులు పగలంతా ఉండవు, అది పెట్టుకుని ఆవుని వెతుకు, ఫొటోలు చూసి కాదు. నిజమే, రోజంతా పొలంలో ఉండే రైతుకి కొంచెం కష్టంగా ఈనే ఆవైనా పర్లేదు, మధ్యాహ్నం చూసుకుంటాడు. తొలిచూలుదైతే కాళ్ళు కనపడ్డాక గంటలో, ఇంతకు ముందు ఈనిన ఆవైతే అరగంటలో పని ముందుకి కదలకపోతే సాయం చెయ్యాలి అంటారు ఇక్కడ, ఆఫీసులో కూర్చున్నోడికి ఆ గంట ఎక్కడ దొరుకుతుంది?

కొన్ని జాతులు అక్కడికక్కడే పక్కన పెట్టేసా. బెల్జియన్ బ్లూకి కండ ఎంత ఎక్కువంటే చాలావరకు ఆపరేషన్ చేసే దూడని తియ్యాలి. షారొలే దూడలు పెద్దవి. స్కాట్లాండ్ హైలాండ్ ఆవులు చూడ్డానికి ఎంత బావుంటాయో, మొండివి కూడా, కానీ ఆ జుట్టుతో టెక్సాస్ ఆగస్టులో ఎలా బతుకుతాయి పాపం.

లాంగ్‌హార్న్ అనే పొడుగు కొమ్ముల టెక్సాస్ జాతి దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయా. స్పెయిన్ వాళ్ళు తెచ్చి వదిలేసిన పశువులు ఈ అడవుల్లో మనిషి సాయం లేకుండా తరాల తరబడి తమంతట తాము ఈని బతికి ఆ జాతి అయింది, కష్టంగా ఈనేవి ఎప్పుడో పోయాయి, తేలిగ్గా ఈనేవే మిగిలాయి. ఒక దశలో అంతరించిపోయేలా ఉంటే 1927లో ప్రభుత్వమే డబ్బిచ్చి ఓక్లహోమా విచిటా పర్వతాల దగ్గర ఒక మందని కాపాడింది. దూడలు చిన్నగా పుడతాయి, అందుకే తొలిచూలు పెయ్యలకి లాంగ్‌హార్న్ ఆబోతుని వాడటం ఇక్కడ పాత అలవాటు. ఈత ఒక్కటే చూసుకుంటే ఇదే మంచిది, ఎవరైనా నన్నడిగితే ధైర్యంగా చెప్తా. కానీ సేల్ బార్న్‌లో మచ్చల దూడ, కొమ్ముల దూడ రింగులోకి రాగానే రేటు పడిపోతుంది, కొనేవాళ్ళు నల్ల దూడలకే ఎగబడతారు. 1978 నుంచి సర్టిఫైడ్ యాంగస్ బీఫ్ అని ఒక మాంసం బ్రాండ్ నడుస్తోంది, దాంట్లోకి రావాలంటే ముందు తోలు ఎక్కువ భాగం నల్లగా ఉండాలి. నాకున్నవి ఆరేడు ఆవులు, దాణాకి, ఎండుగడ్డికి, డాక్టర్‌కి దూడల మీదే రావాలి కదా.

మరి యాంగస్ ఆవులే కొనొచ్చుగా అంటే, స్కాట్లాండ్ జాతి, 1873లో కాన్సస్‌కి మొదట వచ్చాయి, కొమ్ములుండవు, తేలిగ్గా ఈనుతాయి, మంచి జాతే. కానీ మాకు జులైలో 100 డిగ్రీల ఎండ (మన 38), మధ్యాహ్నం పక్కవాళ్ళ నల్లావులు చెరువులో మెడదాకా మునిగి నిలబడతాయి, మేత మానేస్తాయి.

ఇక బ్రాహ్మన్. మొదటిసారి సేల్ బార్న్‌లో ఆ తెల్లటి ఆబోతుని చూసినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. అదే మూపురం, అదే గంగడోలు, నల్లటి కళ్ళు. ఇక్కడి బ్రాహ్మన్ జాతి మన దేశపు ఆవుల నుంచే వచ్చింది, గుజరాత్ కాంక్రేజ్, గిర్, కృష్ణా వ్యాలీ, మన ఒంగోలు కలిపి తయారు చేశారు, 1924లో సంఘం కూడా పెట్టుకున్నారు. బ్రెజిల్‌లో నెలోర్ అని పిలిచేది మన ఒంగోలు జాతినే, నెల్లూరు పేరు అలా నిలబడిపోయింది, ఆ దేశపు మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. 1960ల మొదట్లో అక్కడికెళ్ళిన ఒక పేరున్న ఆబోతు పేరు కరవది, మా ఒంగోలు పక్కనున్న ఊరి పేరే. తాతయ్యకి తెలిస్తే ఎంత మురిసిపోయేవాడో. వదులు తోలు, పొట్టి వెంట్రుక, ఎక్కువ చెమట గ్రంథులు, అందుకే ఎండకి తట్టుకుంటాయి, పిడుదులకీ ఈగలకీ అంత లొంగవు.

మనసంతా అటే లాగింది, ఒక బ్రాహ్మన్ ఆబోతుని తెచ్చి నా మామూలు ఆవుల మీద వదులుదామని దాదాపు డిసైడ్ అయిపోయా. పెద్దాయన ఆపాడు. ఆ పని చేస్తే మళ్ళీ ఆ మంగళవారమే నీకు అన్నాడు.

విషయం ఏంటంటే, ఇది నాకు తెలియనే తెలియదు, బ్రాహ్మన్ ఆవు కడుపులో ఏ దూడైనా చిన్నగానే పెరుగుతుంది, తల్లి గర్భమే దాన్ని అదుపులో పెడుతుంది. అదే బ్రాహ్మన్ ఆబోతుని యాంగస్, హెర్‌ఫోర్డ్ లాంటి యూరప్ జాతి ఆవుకి దాటిస్తే దూడ చాలా పెద్దగా పుడుతుంది, పైగా బ్రాహ్మన్ చూడి రోజులే ఎక్కువ, యాంగస్‌కి 280 అటూ ఇటూ అయితే దీనికి 290 దాటుతుంది, ఆ చివరి రోజుల్లోనే దూడ బాగా బరువెక్కుతుంది. అవే రెండు జాతులు, ఎవరు తల్లి ఎవరు తండ్రి అన్నదాన్ని బట్టి ఈత మొత్తం మారిపోతుంది. మనవైపు రక్తం తల్లిలో ఉండాలి, తండ్రిలో కాదు.

దాంతో లెక్క తేలిపోయింది. బ్రాహ్మన్, హెర్‌ఫోర్డ్ కలిపిన ఆవులు, ఇక్కడ టైగర్ స్ట్రైప్ అంటారు, ఒంటి మీద ఎర్రటి నల్లటి చారలుంటాయి, అవి ఆరు కొన్నా. తొలిచూలువి ఒక్కటి కూడా కొనలేదు, అన్నీ రెండు మూడు ఈతలు తేలిగ్గా ఈనినవే. ఎక్కువ రేటే పెట్టా కానీ పన్నెండు పద్నాలుగేళ్ళు వచ్చినా ఈనే రకం అవి. ఆబోతుని మాత్రం యాంగస్ తీసుకున్నా, కొనలేదు, సీజన్‌కి అద్దెకి. ఈసారి ఆబోతు వివరాలుండే పేపర్లు ముందు అడిగా. వాటిలో రెండే చూసా, ఈత సౌలభ్యం నంబర్ ఎక్కువ ఉండాలి, పుట్టే బరువు నంబర్ తక్కువ ఉండాలి. మీరు ఏ జాతైనా కొనుక్కోండి, ఆ రెండు నంబర్లు లేని ఆబోతుని మాత్రం గేటు లోపలికి రానివ్వకండి, ఒకే జాతిలో ఒక ఆబోతుకీ ఇంకో ఆబోతుకీ ఉన్న తేడా చిన్నది కాదు.

ఆబోతుని మే 20న వదిలి అరవై రోజులకి వెనక్కి పంపించేసా, అంటే ఫిబ్రవరి చివరి నుంచి దాదాపు ఏప్రిల్ చివరికల్లా అన్నీ ఈనేయాలి, నా సెలవులు కూడా అప్పటికే దాచుకున్నా. ఇంకోటి, ఈనే నెలల్లో ఎండుగడ్డి పొద్దున్న వెయ్యడం మానేసి చీకటి పడే వేళకి వెయ్యడం మొదలుపెట్టా. గస్ కోనెఫాల్ అని కెనడా రైతు ఒకాయన కనిపెట్టిన పద్ధతి, సాయంత్రం మేత వేస్తే ఎక్కువ ఆవులు పగలే ఈనుతాయి. పగలంటే నేను ఆఫీసులో ఉండే టైమే కదా అనొచ్చు, కానీ పగలు పెద్దాయన ఫెన్స్ అవతలే ఉంటాడు, డాక్టర్ ఫోన్ ఎత్తుతాడు, చలి తక్కువ. రాత్రి రెండింటికి అవేవీ ఉండవు.

మార్చి మొదట్లో ఒక గురువారం, కారు దిగీ దిగకముందే చూసా, చారలావు ఒకటి పక్కకి పోయి నిలబడింది. గుండె దడదడలాడింది. దగ్గరికెళ్తే గడ్డిలోంచి నల్లటి చెవులు రెండు లేచాయి. దూడ అప్పటికే ఆరిపోయి ఉంది, నిలబడి ముర్రుపాలు తాగుతోంది, తోక ఊపుతోంది, మూతి చుట్టూ నురగ. తర్వాత వీలు చూసుకుని బరువు తెలిపే టేపు పెట్టి చూస్తే 66 పౌండ్లు వచ్చింది. నాన్నకి వీడియో కాల్ చేసా, అక్కడ తెల్లవారుజాము, అయినా లేచి కళ్ళజోడు పెట్టుకుని చూసాడు.

"గంగడోలు మనదేరా" అన్నాడు. వెంటనే "మాయ పడిందా, ముందు అది చూడు" అన్నాడు.

పడింది, ఆవు సగం తినేసింది కూడా. ఇక్కడ తిననిస్తారు నాన్నా అంటే ఒప్పుకోడే, పాలు తగ్గుతాయిరా, కర్ర తీసుకుని తప్పించు అంటాడు. రెండడుగులు వేసా, ఆవు దూడకి అడ్డంగా వచ్చి నిలబడి తల దించి బుస కొట్టింది. ఈ రక్తం ఆవులకి దూడ మీద కాపలా చాలా ఎక్కువ, ఈనిన కొత్తల్లో పిల్లల్ని అసలు దగ్గరికి పంపకండి. ఫోన్ అలాగే పట్టుకుని వెనక్కి నడిచి గేటు వేసేసా, నాన్న ఇంకో పావుగంట గేటు ఇవతల నుంచే చూస్తూ కూర్చున్నాడు.